కోల్‌కతాలో తినడానికే వెళ్లాం

కోల్‌కతా వెళ్తున్నామని చెప్పగానే చుట్టాలందరూ కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం అంటూ లిస్టు చదివారు. అవన్నీ పెళ్లయిన కొత్తలో మా అత్తగారితో చూసేశాం. ఆవిడ స్టవ్వు, బియ్యం, పప్పులతో సహా తెచ్చుకుని సత్రంలోనే వండేవారు కాబట్టి, అప్పట్లో బయట ఒక్క ముద్ద తిన్న పాపాన పోలేదు. ఈ జనవరిలో మేమిద్దరమే బయల్దేరాం. గుళ్లు, మ్యూజియాలు దారిలో తగిలితే చూద్దాం, లేకపోతే లేదు అనుకున్నాం.

వెళ్లే ముందే ఒకటి తేల్చుకున్నాం. రెండు దేశాల వంటల్ని కలిపేసి మెనూ కార్డు మీద ఫ్యూజన్ అని రాసుకునే చోట్ల జోలికి పోకూడదు. ఈ ఊళ్లో ఆ పని రెండు వందల ఏళ్లుగా జరుగుతూనే ఉంది. లక్నో నుంచి నవాబు, చైనా నుంచి చర్మకారులు, బాగ్దాద్ నుంచి యూదులు వచ్చారు. తెల్లదొరలు సరేసరి. ఎవరి వంట వాళ్లు తెచ్చారు, బెంగాలీ వాళ్లు దాన్ని తమ నోటికి తగ్గట్టు తిప్పుకున్నారు. ఆ తిప్పుకున్న తిండి ఇవాళ్టికీ మామూలు హోటళ్లలో, బల్లల మీద మోచేతులు ఆనించుకుని తినే చోట్ల దొరుకుతోంది. మాకు కావాల్సింది అదే.

శుక్రవారం

సదర్ స్ట్రీట్‌లో గది తీసుకోవడానికి కారణం ఒక్కటే, అక్కణ్నుంచి న్యూ మార్కెట్‌కి నడిచి వెళ్లొచ్చు. సామాను గదిలో పడేసి, మొహాలు కడుక్కుని నేరుగా నిజామ్స్‌కి వెళ్లాం. 1932 నుంచి ఉన్న హోటల్. కాఠీ రోల్‌కి పుట్టిల్లు ఇదేనని ఊరంతా ఒప్పుకుంటుంది. మొదట్లో కబాబులు ఇనుప చువ్వల మీద కాల్చేవారు. గిరాకీ పెరిగి చువ్వలు చాలకపోయేసరికి 1960ల్లో వెదురు పుల్లలకు మారారు. బెంగాలీలో కాఠీ అంటే పుల్ల.

నాకు పెనం ముందు నిలబడి చూడటం కూడా తినడంలో భాగమే. మైదా పరోటాని ధారాళంగా నూనె పోసి కాలుస్తారు. పక్కనే పెనం మీద గుడ్డు కొట్టి, అది గట్టిపడే లోపే పరోటాని దాని మీద వేసి అరచేత్తో అదుముతారు. రెండూ అతుక్కున్నాక తిరగేసి బల్ల మీదకి లాగుతారు. పుల్ల నుంచి దూసిన కబాబు ముక్కలు, పల్చగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరప ముక్కలు మధ్యలో వరసగా పరిచి, మీద నిమ్మకాయ పిండి, బిగించి చుట్టి, కింద సగానికి కాగితం మెలిపెట్టి చేతికిస్తారు. అంతా కలిపి నిమిషం పట్టదు. ఉల్లిపాయ, నిమ్మకాయ లేకపోతే ఆ నూనెకి రెండో ముక్క దిగదు. చాలా దుకాణాల్లో టమాటా సాస్ కూడా పోస్తారు. వద్దని ముందే చెప్పండి, మాంసం రుచి తీపిలో మునిగిపోతుంది.

మా ఆయన ఒకటి తిని, చేతులు తుడుచుకుని, "ఇప్పుడు డబుల్ ఎగ్ చెప్పనా?" అన్నారు. సాయంత్రం ఇంకా చాలా ఉందని ఆపాను.

న్యూ మార్కెట్ కట్టింది 1874లో. లోపల గాజులు, చీరలు, సంచులు దాటుకుంటూ వెళ్తే నహూమ్స్ బేకరీ వస్తుంది. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు కుటుంబం 1902లో మొదలుపెట్టిన వ్యాపారం. ఊళ్లో యూదులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. తరాలుగా ఇక్కడ పనిచేస్తున్నవాళ్లలో ముస్లింలు ఎక్కువ. క్రిస్మస్‌కి హిందువులూ క్రైస్తవులూ కలిసి వరస కట్టేది ఈ కొట్టు ముందే. పాత చెక్క బీరువాలు, అద్దాల వెనక ప్లమ్ కేకులు, చీజ్ పెట్టి చేసే సమోసాలు. రమ్ బాల్ ఒకటి నోట్లో వేసుకుంటే ఇంకొకటి కావాలనిపించింది, కొనుక్కున్నాం.

రాత్రి భోజనం పార్క్ స్ట్రీట్‌లోని పీటర్ క్యాట్‌లో. 1975లో తెరిచిన ఈ రెస్టారెంటులో పది బల్లల్లో ఎనిమిదింటి మీద కనిపించేది ఒకటే పళ్లెం, చెలో కబాబ్. వెన్న కలిపిన తెల్లన్నం, మీద గుడ్డు పొరటు కాదు, పచ్చసొన పగలకుండా వేయించిన గుడ్డు, పక్కన రెండు సీఖ్ కబాబులు, ఒక చికెన్ కబాబు, కాల్చిన టమాటా, అన్నం మీద మళ్లీ ఇంకో వెన్న ముద్ద. అసలిది ఇరాన్ వాళ్ల వంట. అక్కడ అన్నంలో పచ్చిగుడ్డు సొన కలుపుకుని, సుమాక్ అనే పుల్లటి పొడి చల్లుకుంటారు. ఇక్కడికొచ్చేసరికి పచ్చిసొన వేపుడు గుడ్డయింది, సుమాక్ మాయమైంది, కబాబుల్లోకి మన మసాలా వచ్చి చేరింది. ఇరాన్‌లో పుట్టి పెరిగినవాళ్లు దీన్ని చూసి ఏమంటారో గానీ, నెయ్యీ అన్నం మీద పెరిగిన నాకు వెన్న కరుగుతున్న ఆ వేడి అన్నం చూడగానే ప్రాణం లేచొచ్చింది. చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకుని తిన్నాను. పక్క బల్ల వాళ్లు చూశారు, చూడనివ్వండి.

శనివారం

మా ఆయన శనివారం నీచు ముట్టరు. ఊరు మారినా వారం మారదు కదా. అందుకని ఈ రోజుని టాంగ్రాకి కేటాయించాం. చైనా టౌన్‌కి వెళ్లి శాకాహారమేంటని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను.

టాంగ్రా ఊరికి తూర్పున, ఎత్తయిన గోడల మధ్య ఇరుకు సందులుగా ఉంటుంది. దక్షిణ చైనా నుంచి వచ్చిన హక్కా కుటుంబాలు ఇక్కడ తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాలు పెట్టుకున్నాయి. 1962 యుద్ధం వచ్చేసరికి చైనా మూలాలున్న సుమారు మూడు వేల మందిని, వాళ్లలో ఇక్కడే పుట్టినవాళ్లను కూడా, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది తర్వాత కెనడాకి, ముఖ్యంగా టొరంటోకి వలసపోయారు. 1996లో సుప్రీంకోర్టు కాలుష్యం కారణంగా తోళ్ల కార్ఖానాలను ఊరి బయటికి తరలించమంది. ఉండిపోయినవాళ్లలో కొందరు అవే ఆవరణల్లో హోటళ్లు నడుపుతున్నారు. అందుకే ఇక్కడి రెస్టారెంట్లకి గోడౌన్లలా పెద్ద ఇనుప గేట్లు కనిపిస్తాయి.

సందులో ఒక చిన్న కాళీ గుడి ఉంది, చైనీస్ కాళీ అంటారు. చెట్టు కింద సింధూరం పూసిన రాళ్లకి హిందువులు పూజ చేసేవారట. జబ్బు చేసిన చైనా కుర్రాడికి అక్కడ నయమయ్యాక వాళ్లూ మొక్కడం మొదలుపెట్టారు, తర్వాత గుడి కట్టారు. అమ్మవారికి ఇక్కడ నూడుల్స్, కూరగాయలు నైవేద్యం పెడతారు. పొడవాటి చైనా అగరొత్తులు వెలిగిస్తారు. ఆ మాట వినగానే మా ఆయన లెంపలేసుకుని, "అమ్మవారికే నూడుల్స్ ఆరగింపు అయినప్పుడు శనివారం నాకు అభ్యంతరమేంటి, పద" అన్నారు.

హోటల్లో ఆయనకి గుడ్డు లేకుండా వెజ్ హక్కా నూడుల్స్, చిల్లీ పనీర్, నాకు చిల్లీ చికెన్ చెప్పాం. మన దగ్గర సాయంత్రం ఆరు దాటితే సెంటర్‌లో వెలిసే ఫాస్ట్‌ఫుడ్ బండి మీద తినే చిల్లీ చికెన్‌కి ముత్తాత ఇదే. తేడా మొదటి ముక్కకే తెలిసింది. మన బండి మీద ఎర్ర రంగు, కారప్పొడి, అజినోమోటో, పైన కొత్తిమీర. ఇక్కడ రంగు లేదు. సోయా సాస్ వల్ల వచ్చిన ముదురు గోధుమ రంగు, చీల్చిన పచ్చిమిరపకాయలు, ముక్క మీద అంటీ అంటనట్టు కార్న్‌ఫ్లోర్ పూత. కారం నాలుక మీద కాకుండా ముక్కులోకి ఎక్కుతుంది. మరి గోబీ మంచూరియా, చికెన్ మంచూరియా? వాటి దారి ముంబయి మీదుగా. కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో అక్కడి క్రికెట్ క్లబ్‌లో వండుతూ, అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోశానని చెప్పుకున్నారు. చైనాలోని మంచూరియాకీ దానికీ ఏ సంబంధమూ లేదు. మన కోసం, మన నోటికి చేసిన కూర అది. అందుకే అన్నంలోకి కూడా బాగుంటుంది.

మా ఆయన నా పళ్లెం వైపు చూడకుండా తన నూడుల్స్ తిన్నారు. రాత్రి పన్నెండు దాటాక ఆదివారం వచ్చేసిందని గుర్తుచేశారు, కానీ అప్పటికి అన్నీ మూసేశారు.

ఆదివారం

ఆ లోటు తీర్చుకోవడానికి ఆయన అలారం లేకుండానే లేచారు. టిరెట్టా బజార్‌లో చైనా వాళ్ల టిఫిన్ తెల్లవారుజామునే మొదలవుతుంది. ఎనిమిది దాటితే గిన్నెలు సర్దేస్తారు. పొద్దార్ కోర్ట్ అనే భవనం వెనక రోడ్డు పక్కన బల్లలు, అల్యూమినియం స్టీమర్లు, ఆవిర్లు. ఫిష్ బాల్ సూప్, పంది మాంసం నింపిన తెల్లటి బావ్‌లు, మోమోలు, సాసేజీలు. చలిలో నిలబడి సూప్ తాగుతుంటే పక్కన ఒకావిడ కూరగాయల సంచీ పట్టుకుని అదే సూప్ తాగుతోంది, ఇంకో పక్కన నైట్ డ్యూటీ ముగించుకున్న పోలీసాయన. అమ్మేవాళ్లలో చైనా ముఖాలు ఇప్పుడు తక్కువే. పులుసు మాత్రం మారలేదని పోలీసాయన హామీ ఇచ్చారు.

దగ్గర్లోనే పౌ చాంగ్ సాసుల దుకాణం ఉంది. అక్కడి పచ్చిమిర్చి సాస్ సీసాలు ఊళ్లో రోల్ బండ్లన్నిటి మీదా కనిపిస్తాయి. మనకి తెలిసిన గ్రీన్ చిల్లీ సాస్‌లో నీళ్లు, వెనిగర్ ఎక్కువ. ఇది చిక్కగా, నిజంగా మిరపకాయ వాసనేస్తుంది. రెండు సీసాలు కొన్నాం, రైల్లో పగలకుండా తువ్వాలులో చుట్టాను.

మధ్యాహ్నం పార్క్ సర్కస్ దగ్గర బిర్యానీ. హైదరాబాద్ బిర్యానీ పిల్లలం కాబట్టి తగువు పెట్టుకునే ఉద్దేశంతోనే కూర్చున్నాం. మసాలా తక్కువ, కారం దాదాపు లేదు, కుంకుమపువ్వు, గులాబీ నీళ్ల వాసన, మాంసం ముక్క పక్కన గుప్పెడంత బంగాళాదుంప. 1856లో ఇంగ్లీషువాళ్లు అవధ్ నవాబు వాజిద్ అలీ షాని గద్దె దించాక ఆయన కోల్‌కతా శివార్లలోని మెటియాబ్రుజ్‌కి వంటవాళ్లతో సహా వచ్చి స్థిరపడ్డాడు. డబ్బు చాలక మాంసం బదులు దుంప వేశారని ఒక కథ. ఆ రోజుల్లో దుంపే ఖరీదైన కొత్త కూరగాయ, గొప్పకే వేశారని నవాబు వంశస్థుల వాదన. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. ఆ దుంప ముక్కలోకి దిగిన నేతి రుచి, మసాలా రుచి చూస్తే అది లోటు పూడ్చడానికి వేసినది అనిపించదు. మా ఆయన మాత్రం, "బాగుంది, కానీ మిర్చీ కా సాలన్ ఏదీ?" అని చుట్టూ చూశారు.

సాయంత్రం ఒక స్నేహితురాలి కూతురు బలవంతపెడితే దక్షిణ కోల్‌కతాలో కొత్తగా తెరిచిన ఒక కేఫ్‌కి వెళ్లాం. బెంగాలీ వాళ్ల మటన్ కూర, మటన్ కషా నింపిన మెక్సికో టాకో, రసగుల్లా చీజ్‌కేక్, గుమ్మడిపువ్వు మీద ఏదో నురగ. ఫొటోలు బాగా వచ్చాయి. గదికి వచ్చాక ఇద్దరం అరటిపళ్లు తిన్నాం.

సోమవారం

ఆఫీసులు తెరిచే రోజు కాబట్టి ఎస్‌ప్లనేడ్ దగ్గర డేకర్స్ లేన్‌కి వెళ్లాం. గుమాస్తాల తిండి సందు ఇది. చిత్తో బాబు దుకాణంలో చికెన్ స్టూ, కాల్చిన బ్రెడ్డు చెప్పాం. పల్చటి లేత పసుపు పులుసు, మిరియాలు, వెన్న తేట, అందులో ఒక చికెన్ ముక్క, పచ్చి బొప్పాయి, క్యారెట్. దొరల వంటింట్లో పుట్టిన ఈ స్టూ గుమాస్తాల చేతిలో పడి, పులుసు పెరిగి, ముక్క తగ్గింది. మూడు రోజుల నూనెకి అలిసిన పొట్టకి ఆ వేడి పులుసు తగలగానే ఇద్దరం మాట్లాడటం మానేశాం. బాగా జలుబు చేసినప్పుడు మా అమ్మ పెట్టిన మిరియాల చారు తాగినట్టుంది.

కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌కి వెళ్లాం, అందరూ వెళ్తారు కాబట్టి. గోడ మీద రవీంద్రుడి పెద్ద పటం, తురాయి తలపాగాల బేరర్లు, పొగ, గోల. 1950ల చివరి నుంచి పనివాళ్ల సహకార సంఘమే నడుపుతోంది. కాఫీ కోసమైతే ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లు అంత దూరం వెళ్లక్కర్లేదు, ఆ హాల్లో కూర్చోవడం కోసం వెళ్లొచ్చు.

ఈ ప్రయాణంలో నేను అసలు ఎదురుచూసింది సాయంత్రం కోసం. శోభాబజార్‌లో మిత్రా కేఫ్, నూరేళ్లు దాటిన క్యాబిన్. క్యాబిన్ అంటే నాలుగు బల్లలు, చెక్క కుర్చీలు, ఎదురుగా ఎవరు కూర్చున్నా సర్దుకోవాల్సిందే. ఇక్కడ తినాల్సింది ఫిష్ కబిరాజీ.

భేట్కీ చేప, మన పండుగప్ప, ముల్లు లేకుండా పల్చటి పలకగా కోసి, ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి ముద్దలో నానబెడతారు. బ్రెడ్ పొడి అద్దుతారు. అంతవరకు దొరల కట్లెట్టే. తర్వాతే ఉంది సంగతి. గిలక్కొట్టిన గుడ్డులో చేప పలకని ముంచి కాగే నూనెలో వదులుతారు. వెంటనే వంటాయన గుడ్డు గిన్నెలో చెయ్యి ముంచి, వేళ్ల సందుల్లోంచి సొనని బాణలి మీద జల్లుగా రాలుస్తాడు. ఒక్కో చుక్క నూనెకి తగలగానే పొంగి, పక్క చుక్కని అందుకుంటుంది. బాణలి నిండా బంగారు రంగు జాలీ అల్లుకుంటుంది. దాన్ని చిల్లుల గరిటెతో నాలుగు వైపుల నుంచీ చేప మీదకి మడతపెట్టి, ఒక్క తిప్పు తిప్పి తీసేస్తాడు. నూనె చల్లగా ఉంటే గుడ్డు ముద్దయి కూర్చుంటుంది, మరీ కాగితే మాడిపోతుంది. కొలత అంతా ఆయన చెవిలోనే ఉందనిపించింది, నూనె చప్పుడు విని తల తిప్పుతున్నాడు గానీ లోపలికి తొంగిచూడలేదు.

పళ్లెంలోకి వచ్చాక ఫోర్కుతో గుచ్చితే పైన పొర కరకరమని విరిగి, లోపలి నుంచి చేప ఆవిరి కొట్టింది. పక్కన ఉల్లి, బీట్‌రూట్ తరుగు, కాసుంది. కాసుంది ఆవాలు పులియబెట్టి నూరిన ముద్ద, ఆ ఘాటు కోసం దాన్ని వేలితో తుడుచుకు తిన్నాను. దొరల వంటని ఇంతగా మార్చి, దొర కూడా గుర్తుపట్టలేనట్టు చేశారు. నిన్నటి కేఫ్‌లో టాకోలో కూరిన మటన్ కషా గుర్తొచ్చింది. అక్కడ రెండు వంటలు పక్కపక్కనే కూర్చున్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడలేదు. ఇక్కడ ఏది ఎవరిదో విడదీయడం కుదరదు.

మంగళవారం

రైలు సాయంత్రం. పొద్దున భవానీపూర్‌లోని బలరామ్ మల్లిక్ మిఠాయి కొట్టుకి వెళ్లాం. 1885 నాటిది. చాక్లెట్ సందేశ్, ఓవెన్‌లో కాల్చిన బేక్డ్ రసగుల్లా లాంటి కొత్త పోకడలు ఇక్కడ బాగా నడుస్తాయి. వీటి మీద ముక్కు విరిచే పాతకాలం వాళ్లకి ఒక సమాధానం ఉంది. పాలు విరగ్గొట్టి మిఠాయి చేయడమే పోర్చుగీసు వాళ్ల నుంచి నేర్చుకున్నదని కొందరు చరిత్రకారులంటారు. అయినా నా ఓటు నోలెన్ గుర్ సందేశ్‌కే. చలికాలంలో ఈత చెట్టు గీసి తీసిన రసంతో కాచిన బెల్లం అది. అదే చెట్టుకి మన దగ్గర కల్లు గీస్తారు. ఫిబ్రవరి దాటితే అసలు సరుకు దొరకదు, కాబట్టి వెళ్లేవాళ్లు చలికాలంలోనే వెళ్లండి. పొగ వాసన తగిలే ఆ తీపి నాలుక మీద కాసేపు ఉంటుంది.

రైల్లోకి రాత్రి తిండిగా రోల్స్ కట్టించుకున్నాం. ఖరగ్‌పూర్‌లో ఒక పెద్దావిడ ఎక్కి, "సామాను కాస్త జరపమ్మా" అంది తెలుగులో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో వేలల్లో ఉన్నాయి, 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది కూడా వాళ్లను చూసే. ఆవిడ తాతగారిది శ్రీకాకుళం వైపట.

మా రోల్స్ చూసి ఆవిడ తన డబ్బా తెరిచింది. పైగిన్నెలో పులిహోర, కింద గసగసాల ముద్దలో మగ్గిన బంగాళాదుంప, ఆలూ పోస్తో. దాని మీద కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు.

"పోస్తోకి తాలింపేంటి పిన్నిగారూ?" అన్నాను.

"మా ఇంట్లో చారులోకి ఇదే నంజుకుంటారమ్మా, తాలింపు లేకపోతే చప్పగా ఉండదూ? మా కోడలు బెంగాలీ పిల్ల. కొత్తలో ఇది చూసి, మా పోస్తోని పాడుచేశారని ఏడ్చింది. ఇప్పుడు పండక్కి వాళ్లమ్మగారింటికి వెళ్తుంటే కరివేపాకు కట్ట అడిగి మరీ పట్టుకెళ్తోంది. ఏం బాబూ, పెట్టనా?" అంటూ మా ఆయన చేతిలో మూత పెట్టి, సమాధానం వినకుండానే వడ్డించేసింది.